యాభై ఒకటో తూటా

సొంతంగా తూటాలు చేసుకోవడం గిట్టుబాటేనా అని ఓర్లీన్ టాఫ్టీని అడిగినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాను. కాని అందరికన్నా ఎక్కువసార్లు అడిగినవాణ్ణి మాత్రం నేనే. ఒకసారి హోటల్లో కాగితం రుమాలు మీద లెక్క కూడా కట్టి చూపించాను. తూటాలు బిగించే ప్రెస్ ఖరీదు, సీసం, మందు, దాన్ని అంటించే టోపీలు, ఆవిడ కూర్చున్న గంటలు అన్నీ వేసి, కొట్లో పెట్టె కొనుక్కోవడమే నయమని కింద రెండు గీతలు గీసి ఆవిడ ముందుకి తోశాను.

ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని పైనుంచి కిందదాకా చదివింది.

"చక్కగా కట్టావయ్యా ఎల్డన్. అంతా బాగుంది గానీ, ఇందులో నా బొటనవేలు ఎక్కడుంది?"

ఆ రుమాలుతోనే మూతి తుడుచుకుని, తియ్యటి ఆపిల్ పై ముక్క ఇంకోటి తెప్పించుకుంది.

ఆ బొటనవేలి సంగతి మా ఊరు బ్యాడ్జర్ క్రీక్‌లో అందరికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది ఓర్లీన్. మంచులో, గాలిలో, కంకర రోడ్డు మీద ఆ స్టీరింగు తిప్పీ తిప్పీ కుడి బొటనవేలి కీలు అరిగిపోయింది. కొట్లో అమ్మే తూటా ఆవిడ రివాల్వర్‌లో పెట్టి పేలిస్తే ఆ దెబ్బంతా వచ్చి సరిగ్గా అక్కడే తగులుతుంది. పది పేలిస్తే సాయంత్రం కాఫీ కప్పు ఎత్తలేదు. అందుకని మందు తగ్గించి, మెత్తటి సీసం గుండు పెట్టి తన చేతికి తగ్గట్టు తనే చేసుకుంటుంది. "కాగితానికి చిల్లు పడితే చాలు, ఆ కాగితమేమన్నా నా మీదికి దూకుతుందా?" అంటుంది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఆవిడ చేసే చిల్లులు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చుంటాయి. నావి సంతలో జనంలా ఎటు పడితే అటు ఉంటాయి.

నా గురించి ఎక్కువ చెప్పుకోను. ఖనిజం మోసే ఓడల్లో వంటవాడిగా, ఆపిల్ తోటల్లో కోతవాడిగా, గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలో పద్దులవాడిగా తిరిగి తిరిగి, పదకొండేళ్ళ కింద ఈ ఊళ్ళో బస్సు చెడిపోతే దిగాను. దిగిన సాయంత్రం మంగళవారం. మంగళవారం సాయంత్రం ఆరింటికి పాత వెన్న ఫ్యాక్టరీ నేలమాళిగలో ఊళ్ళో సగంమంది చేరతారు, కొందరు పోటీగా పిస్తోళ్ళు పేలుస్తారు, మిగతావాళ్ళు చూస్తారు. నవంబరులో మొదలయ్యి మార్చి ఆఖరు మంగళవారంతో ముగుస్తుంది. వెచ్చగా ఉంటుందని లోపలికి వెళ్ళాను. ఇంకా బయటికి రాలేదనుకోండి.

ఆ గుంపులో ముప్పాతిక వంతు ఓర్లీన్ బస్సులో చదువుకి వెళ్ళినవాళ్ళే. పోటీలో క్రమశిక్షణ చూసే డ్వైట్ క్వాంట్ ఇప్పుడు ఇంటింటికీ గ్యాసు లారీ నడుపుతాడు, యాభై దాటాడు, అయినా ఆవిడ ముందు నిలబడితే టోపీ తీస్తాడు. ఆవిడ ఏ రోజూ ఏ పిల్లనీ బస్సులో మర్చిపోలేదు. చివరి స్టాపు అయ్యాక ఇంజను ఆపి, సీటు సీటూ తడుముకుంటూ వెనక అద్దం దాకా నడిచి రావడం ఆవిడ పద్ధతి. ఒకసారి సున్నాకి ఇరవై కింద చలిలో, లెక్క ఇరవై రెండు ఉండాల్సింది ఇరవై మూడు వచ్చింది. ఒకడు ఎక్కువైతే ఏం పోయిందని ఇంకెవరైనా అయితే బండి పోనిచ్చేవాళ్ళు. ఆవిడ దారి పక్కన ఆపేసి, కోట్ల గుట్ట కింద నక్కిన పక్క ఊరి కుర్రాణ్ణి బయటికి లాగింది. చుట్టాలబ్బాయితో ఆడుకోవడానికి ఎవరికీ చెప్పకుండా ఎక్కేశాడు. అవతల వాళ్ళమ్మ అప్పటికే మంచులో పడి వెతుకుతోంది. "తగ్గినవాణ్ణి అందరూ వెతుకుతారు. ఎక్కువైనవాణ్ణి ఎవరూ వెతకరు, వాడితోనే భయం," అని ఆ కథ చెప్పినప్పుడల్లా అంటుంది. ఆ కుర్రాడే ఈ డ్వైట్.

ఒక పొగమంచు పొద్దున ముందున్న స్టాపు బోర్డు అనుకున్నంత దూరంనుంచి కనపడలేదట. తన కళ్ళు మందగించాయని ఆ మధ్యాహ్నమే బస్సు తాళాలు తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టేసి, ఉద్యోగం మానుకుని వచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

తూటాల పనిలోనూ అదే నడక. వెనకగదిలో, పోయిన భర్త గుర్రపు జీనులు వేలాడదీసుకున్న చోట, బల్లకి బిగించిన ప్రెస్ ఉంటుంది. యాభై గుంటలున్న చెక్కపలకలు రెండు. పేలిపోయిన ఇత్తడి గుల్లల్ని కడిగి, ప్రెస్‌లో నొక్కి పాత కొలతకి తెచ్చి, అడుగున మందుని అంటించే కొత్త టోపీ గుచ్చి, పలకలో వరసగా నిలబెడుతుంది. ఒక్కోదాంట్లో కొలిచిన మందు పోస్తుంది. యాభయ్యీ అయ్యాక చిన్న దీపం పట్టుకుని వంగి, ప్రతి గుల్ల లోపలికీ తొంగి చూస్తుంది. అప్పుడు గాని గుండు పెట్టి మూత వెయ్యదు. మూసినవి మళ్ళీ పలకలోకి రావు, లెక్కపెట్టి పక్కనున్న పెట్టెలో వేస్తుంది. ఒక పలక పూర్తయ్యేదాకా రెండో పలకలో మందు పడదు. కూర్చున్న రోజున ఎన్ని చేసిందో, ఎవరొచ్చారో, ఎంత చలిగా ఉందో, అన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంది.

మా దగ్గర ఇంకో ఆచారం ఉంది. ఒకరు చేసిన తూటా ఇంకొకరు పేల్చరు. భార్య చేసింది భర్త కూడా ముట్టడు. మంచితనం మీద అనుమానం కాదు అది. పక్కవాళ్ళ పళ్ళసెట్టు అడిగి పెట్టుకోం కదా, అలాగే. కాబట్టి ఓర్లీన్ చేతికి సరిపడే తూటా ప్రపంచంలో ఓర్లీన్ బల్ల మీద తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఇప్పుడు ఆ మంగళవారానికి వస్తాను. మార్చి మూడో మంగళవారం. ఇంకొక్క వారం ఉంది ఆఖరి పోటీకి. పేల్చేవాళ్ళు నిలబడే గీతల్లో మూడోదాని దగ్గర ఓర్లీన్ నిదానంగా పేలుస్తోంది. చప్పుడాపే దిండ్లు చెవులకి పెట్టుకుని కూడా నేను ఆవిడ లయ పోల్చుకోగలను. ఆవిడ రివాల్వర్ మిగతావాటిలా ఉరమదు, తలుపు మూసినట్టు మర్యాదగా దగ్గుతుంది. ఆ వరసలో మూడోది దగ్గలేదు. 'టప్' మంది, అంతే.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. రివాల్వర్ గురి వైపే ఉంచి బల్ల మీద పెట్టి, చెయ్యి పైకెత్తింది.

"ఆపండి! అందరూ ఆపండి!" డ్వైట్ అరిచాడు.

"నేను ఆపాక అరిచావురా," అంది ఓర్లీన్.

ఇత్తడి కడ్డీ పెట్టి చూస్తే గుండు గొట్టం మొదట్లోనే ఇరుక్కుని ఉంది. గుల్లలో మందు లేదు, అడుగునున్న టోపీ ఒక్కటే పేలి ఆ గుండుని అక్కడిదాకా తోసింది. వినకుండా ఇంకోటి పేల్చి ఉంటే, వెనకొచ్చింది ముందున్నదాన్ని గుద్ది గొట్టం ఉబ్బిపోయేది. ఆ తర్వాత వేళ్ళ సంగతి దేవుడికెరుక.

డ్వైట్ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. "ఓర్లీన్ గారూ... అదీ... మన రూలు..."

"ఆ రూళ్ళ కాగితం మీద మొదటి సంతకం నాదేరా. నాకు చదివి వినిపించక్కర్లేదు."

మందు లేని తూటా ఎవరి చేతిలో బయటపడితే వాళ్ళు ఆ విడత తూటాలన్నీ విప్పాలి. తప్పు ఎక్కడ జరిగిందో అందరి ముందూ చెప్పాలి. ఇకమీదట ఏం మారుస్తారో చెప్పాలి. అప్పటిదాకా కొట్లో కొన్న తూటాలే పేల్చాలి. అదే రూలు.

"పాపం, పోసిందీ లేనిదీ గుర్తుండని వయసు మనందరికీ వస్తుందిలే," అన్నాడు వెనకనుంచి లాయిడ్ ప్రూయిట్. వాడు ట్రాక్టర్లు బాగుచేస్తాడు, నోటికి మాత్రం బ్రేకు వేయించుకోలేదు.

మామూలుగా అయితే ఓర్లీన్, వాడు మూడో తరగతిలో బస్సులో చేసిన ఘనకార్యం ఒకటి తీసి వాడి పెళ్ళాం ముందే పరిచేది. ఆ రోజు మాత్రం పెట్టె మూసి, కోటు గుండీలు పెట్టుకుంది. నాకు అప్పుడు భయమేసింది.

కారు దగ్గర అంది: "ఐదువందల యాభై తొమ్మిది మిగిలాయి ఈ విడతలో. అన్నీ విప్పుతాను. అది నేను దాటేసిన గుల్లే అని తేలితే ప్రెస్ అమ్మేస్తాను ఎల్డన్. ఆఖరి మంగళవారానికి కేకు తెస్తాను, కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడతాను."

"ఒక్కటికే? అందరికీ జరుగుతుందమ్మా తల్లీ."

"బస్సులో ఒక్కణ్ణి మర్చిపోతే ఒక్కడే కదా అనేవాడివా?"

నేను కారు తలుపు వేశాను.

బుధవారం పొద్దున్నే వెళ్ళాను. తూటా విప్పడానికి లోపల డొల్లగా ఉండే ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. అందులో తూటాని బిగించి మొద్దు మీద మూడు దెబ్బలు వేస్తే గుండు ఊడి, మందుతో పాటు సుత్తి కడుపులోకి జారుతుంది. ఆవిడ వేలికి ఆ సుత్తి పనికిరాదు కాబట్టి కొట్టడం నా వంతు. మందు తూచడం ఆవిడ వంతు. తూటాని తూటాగానే తూస్తే తెలియదా అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. మందు అంత కొంచెం, గుల్లకీ గుల్లకీ ఉండే తేడా అంతకన్నా ఎక్కువ. విప్పాల్సిందే.

టక్, టక్, టక్.

"ఉంది," అనేది ఆవిడ, తక్కెడ చూసి. గుండు ఒక డబ్బాలోకి, మందు సీసాలోకి.

టక్, టక్, టక్. "ఉంది."

బుధవారమంతా అదే మాట, గురువారమంతా అదే మాట. మధ్యలో బంగాళాదుంప రొట్టెలు, వెన్న, చక్కెర. మాట్లాడకుండా అన్ని గంటలు నేను బతకడం అదే మొదటిసారి. అయినా రెండో రోజు మధ్యాహ్నం ఆగలేకపోయాను.

"ఈ అవస్థంతా చూశాకైనా ఒప్పుకుంటావా? కొట్లో పెట్టె కొనుక్కుంటే..."

"కొట్లో పెట్టె కొనుక్కుంటే ఇన్ని గంటలు ఆలోచించడానికి నాకేముండేది? కొట్టు ఎల్డన్, మూడు దెబ్బలు పడలేదు, రెండే పడ్డాయి."

శుక్రవారం పదకొండు గంటలకి ఆఖరిది విప్పాం. ఉంది. ఐదువందల యాభై తొమ్మిదింటిలోనూ మందు ఉంది, ఒకదానికొకటి తేడా లేకుండా, మిల్లులో పోసినట్టు. నేను సుత్తి పైకెత్తి జైకొట్టబోయాను. ఆవిడ మొహం చూసి దించేశాను.

"కొలత పరికరం మొరాయించి ఉంటే ఇంకో నాలుగైనా తక్కువ తూగాలి," అంది. "అన్నీ సరిగ్గా ఉన్నాయంటే పరికరం మంచిదే. ఆ ఒక్క గుల్ల దగ్గర తప్పింది పరికరం కాదు, నేను. దీపం పెట్టి చూసి కూడా చూడలేదు." చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కిటికీలోంచి మంచు కప్పిన పెరటి మడి వైపు చూసింది. "సరే. రాసేసి, డ్వైట్‌కి ఫోను చేస్తాను. వాడు ప్రెస్‌కి మంచి ధరే ఇస్తాడు."

నోటుబుక్కు తీసింది. తేలిన సంగతి ఆ విడత చేసిన రోజుల పక్కనే రాయాలి కాబట్టి ఫిబ్రవరి దాకా వెనక్కి తిప్పింది. పెన్ను పట్టుకున్న చెయ్యి మధ్యలో నిలిచిపోయింది. తర్వాత పుస్తకం నా వైపు తిప్పింది.

ఆవిడ గుండ్రటి అక్షరాలు. 'ఫిబ్రవరి 9. మొదటి పలక 51. రెండో పలక 49. వంద సరిపోయింది. కళ్ళు? ఎల్డన్ వచ్చాడు. ఆపిల్ పై. రోమన్లు.'

"యాభై గుంటల పలకలో యాభై ఒకటి ఎలా వస్తాయి ఓర్లీన్?"

"రావు. ఆ రోజూ అదే అనుకున్నాను. మొత్తం వంద వచ్చాయి కదా, నేనే ఎక్కడో లెక్క తప్పి ఉంటానని పెట్టెల్లో సర్దేశాను."

నేను మూడోసారి చదివాను. రోమన్లు.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ మధ్యాహ్నం నేను అద్భుతంగా మాట్లాడాను. రోమన్ సైన్యంలో వడిసెలవాళ్ళు విసిరే సీసం గుండ్ల గురించి అప్పుడే ఒక పుస్తకం చదివి ఉన్నాను. వాళ్ళు కూడా ఓర్లీన్‌లాగే సీసం కరిగించి పోసేవాళ్ళట. పోసేటప్పుడే శత్రువుని ఉద్దేశించి గుండు మీద బూతులు అచ్చువేసేవాళ్ళట. రెండువేల ఏళ్ళ తర్వాత పొలాల్లో దొరుకుతుంటే పండితులు కళ్ళజోళ్ళు పెట్టుకుని ఆ బూతుల్ని చదువుతున్నారు. ఈ సంగతి చెప్తూ, ఆ గుండు ఎంత ఉండేదో చూపించడానికి...

"ఎంత ఉండేదో చూపించడానికి," అన్నాను పైకి, "పలకలోంచి ఒక గుల్ల తీశాను."

"ఏ పలకలోంచి?"

"నా చేతి దగ్గరున్నది. రెండోది. నువ్వు మొదటి పలకకి దీపం చూడటం అయిపోయి, ఒకటి తీసి ప్రెస్‌లో పెట్టావు. గుండు పెడుతున్నావు."

"అప్పుడు మొదటి పలకలో ఒక గుంట ఖాళీ."

"ఖాళీ. మాట్లాడుతూ మాట్లాడుతూ నా చేతిలోది..." ఖాళీ పలక దగ్గర నిలబడి చేత్తో చేసి చూపించాను. నేను చెప్పకముందే నా చెయ్యి ఆ గుంటలోకి వెళ్ళిపోయింది. చేతికి అన్నీ గుర్తుంటాయి.

రెండో పలకలో అప్పటికి మందు పొయ్యలేదు. మందు లేని ఆ గుల్లని నేను తీసుకెళ్ళి, దీపం చూడటం ముగిసిన పలకలో నిలబెట్టాను. ఆవిడ నమ్మకంగా దానికీ గుండు పెట్టి మూసింది.

ఓర్లీన్ కుర్చీలోంచి లేచింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనీ అనుకున్నాను.

"దీపం చూడటం నేను దాటెయ్యలేదు," అంది.

"లేదు."

"ఒక్క గుల్ల కూడా."

"ఒక్కటి కూడా లేదు. తప్పు నాది, నా రోమన్లది."

"నీది సగమే. మిగతా సగానికి ఎగబడకు." వేలితో ఆ పేజీ మీద కొట్టింది. "యాభై ఒకటి అని నా చేత్తో రాశాను. ఒకటి ఎక్కువ వస్తే బండి ఆపాలని లోకమంతా చెప్పుకు తిరుగుతాను. ఆ రోజు బండి ఆపలేదు. ఎందుకో తెలుసా? ముసలిదాన్నయ్యాను, నా లెక్కే తప్పయ్యుంటుందనుకున్నాను. లాయిడ్ గాడు ఈ మంగళవారం అన్న మాట నేను నాతో ఫిబ్రవరిలోనే అనేసుకున్నానయ్యా!"

అని నవ్వడం మొదలెట్టింది. భుజాలు అదిరేలా, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేలా నవ్వింది. తర్వాత ఆ సీసా నా చేతిలో పెట్టి, మూడు రోజుల మందు మొత్తం పెరట్లో రూబార్బ్ కూరమొక్కల మడి మీద చల్లి రమ్మంది. ఒకసారి విప్పిన మందు ఆవిడ మళ్ళీ వాడదు. మొక్కలకి అది మంచి ఎరువు. నేను మోకాలి లోతు మంచులో నిలబడి చల్లుతుంటే లోపల ప్రెస్ దగ్గర దీపం వెలిగింది. శని, ఆది, సోమ, మూడు రోజులూ తలుపు గడియ వేసుకుని కొత్త విడత చేసుకుంది.

ఆఖరి మంగళవారం వెన్న ఫ్యాక్టరీ నిండిపోయింది. బల్లల మీద వేడి వేడి వంటకాల పళ్ళేలు, కేకులు. డ్వైట్ ఈల ఊదాడు. నేను ముందుకెళ్ళి రోమన్లతో సహా జరిగింది జరిగినట్టు చెప్పాను. చేతులతో చేసి కూడా చూపించాను. జనం నవ్వారు, నవ్వనిచ్చాను. తర్వాత ఓర్లీన్ లేచి యాభై ఒకటి సంగతి చెప్పింది. అప్పుడెవరూ నవ్వలేదు.

"మరి ఏం మారుస్తారు ఓర్లీన్ గారూ?" డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. అడగాలి కాబట్టి అడిగాడు.

"రెండు. పలక మీద గుల్లలున్నంతసేపు నా బల్ల దగ్గరికి ఇంకొకరి చెయ్యి రాదు. లెక్క ఒకటి తగ్గినా, ఒకటి ఎక్కువైనా ఆ రోజువన్నీ ఆ రోజే విప్పుతాను. మొత్తం సరిపోయిందని ఊరుకోను. ఎక్కువైనవాణ్ణి వెతక్కపోతే ఏమవుతుందో నీకు తెలుసు కదరా డ్వైట్?"

డ్వైట్ చెవులు ఎర్రబడ్డాయి. "తెలుసండీ," అని కాగితం మీద గీత కొట్టి, "మూడో గీత మళ్ళీ మీదేనండీ," అన్నాడు.

"లాయిడ్!" అంది ఓర్లీన్ రివాల్వర్ పెట్టె తెరుస్తూ. "మూడో తరగతిలో నువ్వు బస్సు కిటికీలోంచి ఏం చేశావో మీ ఆవిడకి చెప్పావా, నన్ను చెప్పమంటావా?"

"వద్దండీ, మీ కాళ్ళు మొక్కుతాను!"

మేం చెవులకి దిండ్లు పెట్టుకున్నాం. ఆ రివాల్వర్ మర్యాదగా దగ్గింది. మళ్ళీ దగ్గింది. ముప్పై సార్లూ అదే దగ్గు. ఆవిడ ఆ సాయంత్రం రెండో స్థానంలో వచ్చింది. మొదటి స్థానం గ్యాసు లారీ నడిపే మనిషిది, దానికి ఆవిడేమీ బాధపడలేదు. నేను పన్నెండో వాణ్ణి. పన్నెండుమందిమే పేల్చాం.

తర్వాతి ఆదివారం ఆపిల్ పై ఒకటి పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. వెనకగది తలుపు గడియ తీసి ఉంది. ఆవిడ గుల్లలు పలకలో సర్దుతోంది. బల్లకి రెండు బారల దూరంలో, గోడ వారగా ఒక కుర్చీ వేసి ఉంది. కుర్చీ మీద పొయ్యిలోంచి వేడి పళ్ళేలు తీసే దళసరి గుడ్డ తొడుగులు ఒక జత ఉన్నాయి. మోచేతుల దాకా వస్తాయి, కోడిపెట్టల బొమ్మలున్నాయి.

"ఇవెందుకు?"

"తొడుక్కో. తొడుక్కుని ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడు," అంది ఓర్లీన్, దీపం వెలిగించి మొదటి గుల్లలోకి వంగుతూ. "ఆ రోమన్ల కథ సగంలో ఆపేశావు. ఆ గుండ్ల మీద అసలేం రాసేవాళ్ళు?"

తొడుక్కుని కూర్చున్నాను.